తడి ఉన్నంత మేరకే నత్రజని: బెట్టలో గోధుమ సాగుపై ఒక ప్రసంగం

సభాధ్యక్షులకు, పెద్దలకు, వ్యవసాయ విద్యార్థులకు, మండలాల నుంచి వచ్చిన విస్తరణ అధికారులకు నమస్కారం.

ఈ బల్ల మీద రెండు గొట్టాలు పెట్టాను. ఆరంగుళాల ప్లాస్టిక్ పైపును మీటరు పొడవున కోసి, నిలువునా రెండు బద్దలుగా చీల్చి, తీగతో మళ్ళీ కట్టి, అందులో నల్లరేగడి మట్టి నింపి, నవంబరు రెండవ వారంలో గోధుమ విత్తాను. రెండింటిలోనూ మట్టి ఒకటే, విత్తనం ఒకటే, పోసిన నీళ్ళూ ఒకటే. విత్తడానికి ముందు మట్టి అడుగుదాకా తడిసేటట్టు ఒకసారి, ఇరవై ఒకటవ రోజున ఒక లీటరు మరొకసారి పోశాను. ఈ పైపు వైశాల్యానికి లీటరు నీళ్ళంటే, పొలంలో ఒక తడికి కట్టే ఆరు సెంటీమీటర్ల నీటితో సమానం. ఆ తరువాత చుక్క పోయలేదు. ఉన్న తేడా ఒక్కటే. ఎడమవైపు గొట్టానికి యూరియా వేయలేదు. కుడివైపు దానికి మాత్రం విత్తనానికి మూడు వేళ్ళ దిగువన, ఎకరానికి ఒక బస్తా లెక్కన, చిటికెడు కన్నా తక్కువ యూరియా పెట్టాను.

ఇప్పుడు తీగ విప్పుతున్నాను. ఎడమవైపు మొక్కను చూడండి. రెండు పిలకలు, లేత పసుపు రంగు, కింది మూడు ఆకులు చివర నుంచి మొదలుదాకా ఎండిపోయాయి. ఎవరైనా దీన్ని చూసి నీళ్ళు చాలలేదనే అంటారు. కాని మట్టిని చూడండి. వేర్లు సగం దాటి కాస్త కిందికి వెళ్ళి ఆగిపోయాయి. అక్కడి నుంచి అడుగుదాకా మట్టి నల్లగా ఉంది. పిడికిట పట్టి నొక్కితే ముద్ద కడుతోంది. అంటే ఈ మొక్క కాళ్ళ కింద నీళ్ళు పెట్టుకుని దాహంతో ఎండుతోంది. కుడివైపు గొట్టంలో మట్టి అడుగుదాకా బూడిద రంగుకు తిరిగింది, చీలికలు పడింది, ఆ చీలికల గోడలను పట్టుకుని తెల్లని సన్నని వేర్లు కిందిదాకా దిగాయి. పైన నాలుగు పిలకలు కంకి తీశాయి. పోటాకు, అంటే కంకికి దిగువనే ఉండే చివరి ఆకు, ఇంకా పచ్చగా ఉంది.

నేను ఈరోజు చెప్పదలచుకున్న విషయమంతా ఈ రెండు గొట్టాల మధ్య ఉన్న తేడాయే. నత్రజని నీటికి బదులు కాదు. యూరియా వేస్తే వాన కురవదు. అయితే నేలలో ఇప్పటికే ఉన్న నీటిని మొక్క చేత తాగించడానికి, తాగిన నీటిని గింజగా మార్చడానికి నత్రజని కావాలి. ఎంత కావాలన్నది ఆ నేలలో ఎంత తేమ ఉన్నదన్న దాన్ని బట్టి తేలుతుంది. తేమ లెక్క చూడకుండా నత్రజని వేసినవాడు ఒక విధంగా నష్టపోతాడు, నీళ్ళు లేవు కదా అని నత్రజని పూర్తిగా మానేసినవాడు ఇంకొక విధంగా నష్టపోతాడు. మన దగ్గర రెండవ తప్పు గురించి మాట్లాడేవారు తక్కువ కనుక దానితోనే మొదలుపెడతాను.

వరి, పత్తి, మొక్కజొన్న పండించే చోట గోధుమ గురించి ఎందుకని మీలో కొందరికి అనిపించవచ్చు. తెలంగాణలో ఆదిలాబాద్, జహీరాబాద్ వైపు కొద్దిపాటి విస్తీర్ణంలో తప్ప గోధుమ కనిపించదన్నది నిజమే. నేను ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం మధ్యప్రదేశ్‌లోని మాళవ పీఠభూమిలో గడిపాను. అక్కడి నల్లరేగడి మన నల్లరేగడికి తోబుట్టువు. అక్కడ వానాకాలంలో సోయాచిక్కుడు, ఆ తరువాత మిగిలిన తేమ మీద, బావిలో ఉంటే ఒకటో రెండో తడుల మీద గోధుమ పండుతుంది. మనం యాసంగి జొన్న, శనగ పండించే పద్ధతికి అది దగ్గరి చుట్టమే. కనుక నేను గోధుమ పేరుతో చెప్పే సంగతుల్లో చాలావరకు మీ మండలాల్లోని జొన్న చేలకూ పనికి వస్తాయి, అయితే అంకెలు మాత్రం మారతాయి.

చేలో నీరు ఎక్కడికి పోతుందో ముందు చూద్దాం. నేలలోని నీటికి పైకి పోవడానికి రెండు దారులు ఉన్నాయి. ఒకటి, మొక్క వేరు గుండా, కాండం గుండా, ఆకు రంధ్రాల గుండా బయటికి పోవడం. దీన్ని బాష్పోత్సేకం అంటాము. రెండవది, ఎండ తగిలిన నేల మీది నుంచి నేరుగా ఆవిరైపోవడం. మొదటి దారిన పోయిన నీరు పోతూపోతూ మొక్కకు బొగ్గుపులుసు వాయువును సంపాదించి పెడుతుంది, అందువల్ల గింజ వస్తుంది. రెండవ దారిన పోయిన నీరు దండగ. ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో దాని స్థాపకుడు జాన్ బెన్నెట్ లాస్ 1850లోనే, అంటే అక్కడి ప్రసిద్ధమైన బ్రాడ్‌బాక్ గోధుమ ప్రయోగం 1843లో మొదలైన కొద్ది ఏళ్ళకే, గోధుమ, బార్లీ వంటి మొక్కలను పాత్రల్లో పెంచి, ఎరువు వేసినవీ వేయనివీ ఎంత నీరు వదులుతున్నాయో తూచి చూశాడు. ఎరువుకూ నీటికీ ఉన్న సంబంధాన్ని గురించిన ప్రశ్న అంత పాతది.

ఈ రెండు దారుల లెక్కను పొలంలో పక్కాగా చూపినవారు సిరియాలోని అలెప్పో దగ్గర పనిచేసిన ఇకార్డా అనే అంతర్జాతీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు. 1980లలో పీటర్ కూపర్, ఆయన సహచరులు అక్కడి మెట్ట గోధుమ, బార్లీ చేలలో చూసినదేమిటంటే, ఎరువు వేసిన చేనూ వేయని చేనూ మొత్తం మీద వాడుకున్న నీరు దాదాపు సమానమే. అయితే ఎరువు వేసిన చేలో ఆకు త్వరగా పరుచుకుని నేలను కప్పేయడం వల్ల నేల నుంచి ఆవిరయ్యే వాటా తగ్గి, మొక్క గుండా పోయే వాటా పెరిగింది. అంటే అదనంగా ఒక్క చుక్క ఖర్చు కాకుండానే దిగుబడి పెరిగింది. బక్కచిక్కిన పైరున్న చేలో సాలుకూ సాలుకూ మధ్య ఎండ నేరుగా నేలకు తగులుతూ ఉంటుంది. అటువంటి చేలో రైతు పొదుపు చేశాననుకున్న ఎరువు నీటి రూపంలో గాలిలో కలిసిపోతుంది.

ఆకు లోపల ఏం జరుగుతుందో కూడా క్లుప్తంగా చెప్పుకుందాం. గోధుమ ఆకులోని నత్రజనిలో సుమారు నాలుగింట మూడు వంతులు పత్రహరితం ఉండే హరితరేణువులలోనే ఉంటుంది. అందులోనూ పెద్ద వాటా రూబిస్కో అనే ఒక్క ఎంజైముది. బొగ్గుపులుసు వాయువును పట్టి చక్కెరగా మలిచే పనివాడు ఇతడే. నత్రజని చాలని ఆకులో రూబిస్కో తక్కువగా ఉంటుంది. పత్రరంధ్రం తెరిచి నీటిని వదిలినా లోపలికి వచ్చిన వాయువును వాడుకునే చేతులు చాలవు. బెట్ట తగిలినప్పుడు మొక్క కణాలలో ప్రోలిన్, గ్లైసిన్ బీటైన్ వంటి పదార్థాలను పోగుచేసుకుని కణంలోని నీటిని పట్టి ఉంచుతుంది. ఈ రెండూ నత్రజనితో కట్టిన పదార్థాలే. ఎండ ఎక్కువై, రంధ్రాలు మూసుకున్న ఆకులో పుట్టే విషపు ఆక్సిజన్ రూపాలను విరిచే కాటలేజ్, పెరాక్సిడేజ్ వంటి ఎంజైములూ మాంసకృత్తులే కనుక వాటికీ నత్రజనే ముడిసరుకు. ఈ రసాయనాల పేర్లు పరీక్షకు చదువుకోవచ్చు. పొలంలో గుర్తుపెట్టుకోవలసింది ఇంతే: సరిపడా నత్రజని తిన్న మొక్క నాలుగు రోజులు వాడినా, నీరు అందగానే తేరుకుంటుంది, ఆకలితో ఉన్న మొక్క అదే నాలుగు రోజుల్లో కింది ఆకులను కరిగించుకుని తినేస్తుంది. ఎడమవైపు గొట్టంలో ఎండిన మూడు ఆకులూ ఆ విధంగా పోయినవే. వాటిలోని నత్రజనిని విప్పి మొక్క పైకి పంపుకుంది.

ఇక వేరు సంగతి. గోధుమకు రెండు రకాల వేర్లు ఉంటాయి. విత్తనం నుంచి వచ్చే ఐదారు విత్తన వేర్లు మొదటివి. ఇవి సన్నగా, నిటారుగా లోతుకు పోతాయి. రెండవవి విత్తిన ఇరవై, ఇరవై ఐదు రోజులకు భూమి పైపొరలో, పిలకలు పుట్టే కణుపు దగ్గర నుంచి వచ్చే కిరీట వేర్లు. మీరు ఆ దశలో ఒక మొక్కను వేలితో తవ్వి నీళ్ళలో ఆడించి చూస్తే, విత్తనానికీ నేల మట్టానికీ మధ్య, బియ్యపు గింజంత ఉబ్బెత్తు కనిపిస్తుంది. దాని చుట్టూ తెల్లని మొనలు, ఉప్పు పలుకుల్లా, అప్పుడే తొంగి చూస్తూ ఉంటాయి. ఆ మొనలు బయటికి వచ్చే చోట మట్టి పొడిగా ఉంటే అవి అక్కడే మొండిబారిపోతాయి. పిలకలు తగ్గిపోతాయి. గోధుమకు ఒకే ఒక తడి పెట్టే స్తోమత ఉంటే ఇరవై ఒకటవ రోజునే పెట్టమని దేశమంతటా చెప్పేది ఇందుకే. నేనూ ఈ గొట్టాలకు ఆ రోజునే నీళ్ళు పోశాను. రెండవ తడి కూడా ఉంటే దాన్ని పూత దశకు దాచుకోవాలి.

నత్రజని ఈ వేర్లకు రెండు పనులు చేస్తుంది. మితంగా ఉంటే వేరు పొడవునూ కొమ్మలనూ పెంచుతుంది, లోతుకు దించుతుంది. అధికంగా ఉంటే మొక్క తన సంపాదననంతా పైన ఆకుకే పెట్టి, వేరును చిన్నచూపు చూస్తుంది. వేరు కన్నా ఆకు ఎక్కువైన మొక్క బెట్టకు పనికిరాదు. లోతు వేరు విలువ ఎంతో ఆస్ట్రేలియా శాస్త్రవేత్త జాన్ కిర్కెగార్డ్ బృందం న్యూసౌత్‌వేల్స్ పొలాల్లో కొలిచి 2007లో ప్రకటించింది. పూత తరువాత గింజ నిండే కాలంలో అడుగు నేల నుంచి అదనంగా తీసుకున్న ఒక్కొక్క మిల్లీమీటరు నీటికి హెక్టారుకు దాదాపు 59 కిలోల గింజ వచ్చింది. మొత్తం పంటకాలానికి సగటున లెక్కించే నీటికి మంచి చేలలోనైనా మిల్లీమీటరుకు 20 కిలోలు దాటడం అరుదు. అడుగున మిగిలిన ఆ చివరి నీటికి అంతకు సుమారు మూడు రెట్ల వెల ఉందన్నమాట. ఎడమవైపు గొట్టంలో అడుగున మిగిలిపోయిన నల్లని మట్టిని చూసినప్పుడల్లా నాకు ఆ అంకె గుర్తుకు వస్తుంది.

ఇంతవరకు విన్నవారికి అయితే నత్రజని దండిగా వేస్తే సరి కదా అనిపిస్తుంది. అందుకే మూడవ గొట్టాన్ని బల్ల కింద దాచాను. ఇదిగో. దీనికి ఎకరానికి నాలుగు బస్తాల లెక్కన వేశాను. నెల క్రితం ఈ మొక్కను చూసిన మా ఇంటివారంతా ముగ్గురిలో ఇదే అందగత్తె అన్నారు. ముదురాకుపచ్చ రంగు, వెడల్పాటి ఆకు, ఏడు పిలకలు. ఈరోజు చూడండి. ఆకులు దారాల్లా చుట్టుకుపోయాయి, నాలుగు పిలకలు కంకి తీయకుండానే చచ్చిపోయాయి, తీసిన మూడు కంకులూ తెల్లబారాయి. ఏపుగా పెరిగిన ఆ ఆకంతా జనవరిలోపే నీటిని పీల్చి వదిలేసింది. గింజ నిండే నాటికి నేల ఒట్టిపోయింది.

దీన్ని ఆస్ట్రేలియా రైతులు పైరు పచ్చగడ్డిగా ఉండగానే ఎండుగడ్డి అయిపోయిందని చెప్పుకుంటారు. దీని మీద వాన్ హెర్వార్డెన్, ఆయన సహచరులు 1998లో ప్రకటించిన పరిశోధనలో ఇంకొక సంగతి తేలింది. నీరు ముందే ఖర్చయిపోవడం ఒక కారణం మాత్రమే. అధిక నత్రజని వేసిన మొక్క కాండంలో చక్కెర నిల్వ కూడా తక్కువగా ఉంటుంది. గోధుమ పూతకు ముందు కాండంలో కొంత చక్కెరను దాచుకుని, గింజ పాలు పోసుకునేటప్పుడు నీరు అందకపోతే దాన్ని కరిగించి గింజకు పంపుతుంది. మన ఇళ్ళలో గాదె వంటిది అది. నత్రజని మితిమీరితే మొక్క సంపాదన అంతా కొత్త ఆకూ కొత్త పిలకా కట్టడానికే పోయి గాదె నిండదు. అటువంటి చేలో వచ్చిన గింజ ముడుచుకుపోయి ఉంటుంది, అందులో మాంసకృత్తుల శాతం ఎక్కువగా కనిపిస్తుంది. మాంసకృత్తులు పెరిగాయని సంతోషించడానికి లేదు. పిండిపదార్థం చేరలేదు కనుక శాతం పెరిగింది, అంతే.

ఈ తప్పు నేను స్వయంగా చేశాను కనుక నిస్సంకోచంగా చెబుతున్నాను. మాళవ ప్రాంతానికి వెళ్ళిన మొదటి సంవత్సరం, సీహోరు వైపు ఒక గ్రామంలో, బావిలో ఒక్క తడికి మాత్రమే నీళ్ళున్న ఒక పెద్దాయన చేను చూశాను. పైరు పాలిపోయి ఉంది. నేను చదువుకుని వచ్చిన సిఫారసు పట్టిక నీటి వసతి పూర్తిగా ఉన్న చేలది. ఆ పట్టిక ప్రకారం ఆయన చేత పైపాటుగా, అంటే ఎదుగుతున్న పైరు మీద చల్లించి, రెండు దఫాలు యూరియా వేయించాను. సంక్రాంతి నాటికి ఆ చేను ఊరికే ముచ్చటైంది. నన్ను పిలిచి టీ కూడా ఇచ్చారు. ఫిబ్రవరిలో పశ్చిమం నుంచి పొడిగాలి మొదలైన పది రోజులకు చేను తెల్లబడింది. గట్టు అవతల ఆయన తమ్ముడి చేను, అదే నేల, అదే బావి, సగం ఎరువు. అక్కడ గింజ నిండింది. పెద్దాయన నన్ను ఒక్క మాట అనలేదు. దోసిట్లోకి తన గింజలూ తమ్ముడి గింజలూ తీసుకుని వచ్చి నా ముందు నిలబడ్డారు. నావి జీలకర్రలా ఉన్నాయి. ఆ తరువాత ఏ రైతుకైనా యూరియా మాట చెప్పే ముందు బావి వైపు, నేల వైపు చూడడం అలవాటైంది.

ఆ చూడడం ఎలాగో చెబుతాను. మీటరు పొడవున్న ఇనుప కడ్డీ, వేలెడు మందం, చివర కాస్త మొనగా సాన పెట్టినది, ఒకటి చాలు. విత్తడానికి ముందు దాన్ని నల్లరేగడిలో చేత్తో నొక్కితే తడి ఉన్నంత లోతు దిగుతుంది, పొడి మట్టి తగలగానే ఆగుతుంది. చేలో పది చోట్ల గుచ్చి చూడాలి. మంచి నల్లరేగడి మీటరు లోతున మొక్కకు పనికివచ్చే నీటిని 150 నుంచి 200 మిల్లీమీటర్లదాకా పట్టి ఉంచగలదు. కడ్డీ పూర్తిగా దిగితే సుమారు 180 మిల్లీమీటర్లు ఉన్నాయనీ, సగమే దిగితే 90 అనీ లెక్కవేసుకోండి. ఇది ప్రయోగశాల కొలత కాదన్న సంగతి నాకూ తెలుసు. కాని ఏమీ కొలవకుండా బస్తాలు లెక్కపెట్టడం కన్నా మేలు.

ఇప్పుడు ఒక లెక్క వేద్దాం. నేలలో 180 మిల్లీమీటర్లు, ఒక తడికి 60, మొత్తం 240. దక్షిణ ఆస్ట్రేలియాలో ఫ్రెంచ్, షుల్జ్ అనే ఇద్దరు 1984లో ఇచ్చిన సులభ సూత్రం ప్రకారం ఇందులో 110 మిల్లీమీటర్లు నేల నుంచి ఆవిరికి పోయాయనుకుంటే 130 మిగులుతాయి. వారి లెక్కలో మిగిలిన ఒక్కొక్క మిల్లీమీటరుకు అత్యధికంగా 20 కిలోల గింజ. మన మధ్య భారతంలో ఫిబ్రవరి, మార్చి గాలి పొడిగా, వేడిగా ఉంటుంది కనుక అదే గింజకు ఎక్కువ నీరు పడుతుంది. నేను జాగ్రత్తకు 15 కిలోలే పట్టుకుంటాను. అంటే హెక్టారుకు సుమారు 20 క్వింటాళ్ళు. ఈ చేనుకు నీరు అనుమతించే దిగుబడి ఇది; ఎన్ని బస్తాలు గుమ్మరించినా ఇంతకు మించదు.

20 క్వింటాళ్ళకు నత్రజని ఎంత? గోధుమలో 12 శాతం మాంసకృత్తులు ఉన్నాయనుకుంటే, వాటిని గోధుమ మాంసకృత్తులకు వాడే గుణకం 5.7తో భాగించినప్పుడు నత్రజని సుమారు 2.1 శాతం వస్తుంది. టన్ను గింజలో 21 కిలోలు, దానికి సరిపడా గడ్డిలో నాలుగైదు కిలోలు, మొత్తం 25. రెండు టన్నులకు 50 కిలోలు. ఇందులో సగం వరకు సేంద్రియ పదార్థం కుళ్ళి నేల స్వయంగా ఇస్తుందనుకుంటే మిగిలిన 25, 30 కిలోలు మనం ఇవ్వాలి. వేసిన ఎరువులో సగమే మొక్కకు దక్కుతుంది కనుక 50 నుంచి 60 కిలోలు వేయాలి. వర్షాధార గోధుమకు మన దేశంలో సాధారణంగా చెప్పే 60 కిలోల నత్రజని, 30 కిలోల భాస్వరం, 20 కిలోల పొటాష్ అన్న సిఫారసుకు ఇది చేరువగా ఉండడం కాకతాళీయం కాదు. ఎకరానికి దించి చెప్పుకుంటే అర బస్తా డీఏపీ, ఒక బస్తా యూరియా. యాభై కిలోల డీఏపీ బస్తాలో సగంలో నాలుగున్నర కిలోలు, నలభై ఐదు కిలోల యూరియా బస్తాలో ఇరవై కిలోల పైచిలుకు నత్రజని ఉంటుంది. రెండూ కలిపి పాతిక కిలోలు. ఇదే నేలకు మూడు తడులు ఉంటే నీరు 360కి పెరిగి దిగుబడి అంచనా 37 క్వింటాళ్ళకు పోతుంది, నేల స్వయంగా ఇచ్చే నత్రజని మాత్రం అంతే ఉంటుంది కనుక అప్పుడు మనం వేయవలసిన నత్రజని హెక్టారుకు 120 కిలోలు దాటుతుంది. కడ్డీ సగమే దిగిన చేలో, తడికి నీళ్ళూ లేని సంవత్సరం, గోధుమ మానుకుని శనగ వేయమంటాను. నత్రజని గురించిన ప్రసంగంలో ఈ మాట అనడం సభామర్యాద కాకపోవచ్చు, కాని రైతుకు అదే మేలు.

మోతాదు తేలాక ఎక్కడ వేయాలి, ఎప్పుడు వేయాలి అన్నవి మిగులుతాయి. నా అనుభవంలో మోతాదు కన్నా ఇక్కడే ఎక్కువ ఎరువు పాడవుతుంది. నత్రజని మొక్కకు ఎక్కువగా నైట్రేట్ రూపంలో, నీటితో పాటు కొట్టుకుని వచ్చి వేరును చేరుతుంది. నీరు కదలని పొడి పొరలో నత్రజని ఎంత ఉన్నా అది గోడలో పాతిపెట్టిన బంగారం. మెట్ట చేలో విత్తిన పది, పదిహేను రోజులకే పై మూడు అంగుళాలు ఆరిపోతాయి. అక్కడ చల్లిన యూరియా అక్కడే ఉండిపోతుంది. ఇంకొక ప్రమాదం కూడా ఉంది. చలికాలపు తెల్లవారుజామున కురిసే మంచుకు యూరియా పలుకులు కరుగుతాయి, నేల పైపొరలోని యూరియేజ్ ఎంజైము వాటిని అమ్మోనియాగా విరుస్తుంది, క్షారగుణం ఉన్న నల్లరేగడిలో అది ఎండ పొద్దుకు గాలిలో కలిసిపోతుంది. పలుకులు కనిపించకుండా పోయాయి కనుక మొక్క తిన్నదని రైతు అనుకుంటాడు. వేపపూత యూరియా వల్ల అమ్మోనియా నైట్రేట్‌గా మారడం నెమ్మదిస్తుందే కాని, నేల మీద చల్లినప్పుడు జరిగే ఈ నష్టం ఆగదు.

కనుక వర్షాధార చేలో నత్రజని మొత్తాన్నీ విత్తేటప్పుడే, పదును ఉన్న పొరలో, విత్తనానికి రెండు మూడు అంగుళాల దిగువనో పక్కనో పడేటట్టు వేయాలి. ఎరువు పెట్టె ఉన్న గొర్రుతో ఇది సులభం. విత్తనాన్నీ యూరియానూ గొర్రు మీది ఒకే జడ్డిగంలో కలిపి పోయవద్దు; అమ్మోనియా ఘాటుకు మొలక మాడిపోతుంది. ఇక్కడ రకం సంగతి కూడా కొంత చూసుకోవాలి. జపాను పొట్టి గోధుమ నోరిన్-10 జన్యువులతో వచ్చిన పొట్టి రకాలలో మొలకను కప్పి పైకి తెచ్చే తొడుగు కూడా పొట్టిదే, రెండు అంగుళాలకు మించి లోతున వేస్తే మొలక పైకి రాలేక ముడుచుకుపోతుంది. సి-306 వంటి పాత పొడుగు రకాలు లోతైన పదును మీద కూడా లేస్తాయి. మాళవలో మెట్ట రైతులు ఆ రకాన్ని అంత కాలం వదలకపోవడానికి రొట్టె రుచి ఒక్కటే కారణం కాదు.

ఒక తడి ఉన్న చేలో సగం విత్తేటప్పుడు, సగం ఇరవై ఒకటవ రోజు తడితో ఇవ్వాలి. నేల రకాన్ని బట్టి తడికి ముందు చల్లాలా తరువాత చల్లాలా అన్నది మారుతుంది. తేలిక నేలల్లో తడి పెట్టాక, కాలు దిగబడని పదునులో చల్లడం మంచిది, లేకపోతే నీటితో పాటు వేరు కిందికి జారిపోతుంది. రేగడిలో ఆ పదును వచ్చేసరికి నాలుగైదు రోజులు పట్టి పైపొర ఆరిపోతుంది కాబట్టి, తడికి ముందు సాయంత్రం చల్లి తెల్లవారి నీరు కట్టడమే నేను ఇష్టపడతాను. యూరియా కరిగి నీటితో పాటు నాలుగు అంగుళాలు దిగిపోతుంది. ఆ దఫా దాటాక తడి లేకుండా పైపాటు వద్దు. పైరు పసుపెక్కిందని అధికారిని పిలిచిన రైతుకు వట్టి చేతులతో వెళ్ళి మాట చెప్పడం కష్టమే. అయినా అప్పుడు ఆ చేనుకు కావలసింది నీరు; నేలలో ఉన్న నత్రజనినే అది అందుకోలేకపోతోంది.

సోయాచిక్కుడు తరువాత వేసే గోధుమకు నత్రజని తగ్గించవచ్చా అని ప్రతి సభలోనూ అడుగుతారు. సోయా గాలిలోని నత్రజనిని స్థిరీకరిస్తుంది, నిజమే. కాని అందులో చాలా భాగం గింజలోకి పోయి మార్కెట్‌కు వెళ్ళిపోతుంది. మిగిలిన కాడను కూడా తగలబెట్టినవారికి తగ్గించుకునే హక్కు లేదు. పశువుల ఎరువు వేసే చేలలో మాత్రం నాలుగో వంతు తగ్గించి చూడమంటాను. ఇంగ్లీషు వ్యవసాయ శాస్త్రవేత్త ఆల్బర్ట్ హోవర్డ్ మొదట బీహారులోని పూసాలో గోధుమ రకాల మీద పనిచేసి, 1924 తరువాత మాళవ మధ్యలోని ఇందోరుకు వచ్చి పశువుల పేడతో, చెత్తతో కుప్ప కట్టే పద్ధతిని రూపొందించాడు; దానికి ఆ ఊరి పేరే నిలిచింది. చివికిన ఎరువు నీటిని పట్టి ఉంచుతుంది, నత్రజనిని తేమ ఉన్నప్పుడే వదులుతుంది, తేమ లేనప్పుడు తనలో దాచుకుంటుంది. మనం కడ్డీతోనూ లెక్కతోనూ చేయాలని తంటాలు పడుతున్న పనిని అది కొంతవరకు తనకు తానే చేస్తుంది. చిక్కల్లా, ఎకరానికి నాలుగు టన్నుల ఎరువు ఎవరి దొడ్లో ఉంది అన్నదే.

చివరిగా ఆకు మీద పిచికారీ. నేల ఎండి వేరు నత్రజనిని అందుకోలేని రోజుల్లో ఆకు గుండా కొంత ఇవ్వవచ్చు. లీటరు నీటికి 20 గ్రాముల యూరియా, అంటే 2 శాతం ద్రావణం, ఎకరానికి 200 లీటర్లు. దీన్ని గొప్ప మందుగా అమ్మేవారు ఉన్నారు కనుక లెక్క చూడండి: అందులో ఉన్న యూరియా నాలుగు కిలోలు, నత్రజని రెండు కిలోల కన్నా తక్కువ. మొత్తం అవసరంలో అది పదో వంతు కూడా కాదు. కాబట్టి విత్తేటప్పుడు వేయవలసిన బస్తాకు ఇది బదులు కాదు. కాని పోటాకు విప్పుకున్నప్పటి నుంచి పూత ముగిసేలోపు ఒకసారి కొడితే, ఆ ఆకు పచ్చదనం ఇంకొన్ని రోజులు నిలిచి గింజ కాస్త బరువెక్కే వీలుంది. పొద్దు వాలాక కొట్టాలి. ఎండలో కొడితే నీరు ఆరిపోయి ఆకు అంచున ఉప్పు మిగిలి మాడుతుంది. మధ్యాహ్నం చుట్టుకున్న ఆకులు తెల్లవారేసరికి కూడా విప్పుకోని చేలో అసలు కొట్టవద్దు. ఆ ఆకు ఇక తీసుకునే స్థితిలో లేదు.

ప్రశ్నలు ఉన్నవారు అడగవచ్చు. ఈలోగా వేర్లను దగ్గరగా చూడదలచినవారు బల్ల దగ్గరికి వచ్చి మట్టిని పిడికిట పట్టి చూడండి. మూడవ గొట్టాన్ని మాత్రం ఎత్తవద్దు, తీగ వదులుగా ఉంది, ఎండిన మట్టి అంతా జారి కింద పడుతుంది.